ముఐథర్‌లో నాలుగు పేర్ల బడి

మా రాజంపేట వైపు అరబ్బు దేశమంటే ఒక్కటే, కువైట్. తక్కినవన్నీ అందులో వీధులు. అందుకే నేను ఖతార్ వెళ్లొచ్చానని ఎంత మొత్తుకున్నా, పాలు పోసే నరసమ్మ మొదలుకొని మా పాత హెడ్మాస్టరు గారి దాకా అందరూ "కువైట్ ఎట్లుండాది టీచరమ్మా?" అనే అడుగుతున్నారు. ముప్పైరెండేళ్లు సోషల్ పాఠం చెప్పినదాన్ని, పటం తీసి చూపించకుండా ఊరుకుంటానా? చూపించాను. చూసి "ఇంత చిన్నదా, పాపం!" అని జాలిపడ్డారు. ఆ చిన్న దేశంలో నలభై రోజులుండి, బంగారం కొనకుండా, ఒంటె ఎక్కకుండా, ఒక ఓటు చూసి వచ్చాను. అది చెబుదామనే ఇది రాస్తున్నాను.

ఘర్రాఫాలో తమ్ముడి ఇల్లు

నా తమ్ముడు శేషు దోహాలో ఒక బిల్డింగు కంపెనీలో డ్రాఫ్ట్స్‌మన్. రిటైరై ఇంట్లో గోడలకు పాఠాలు చెబుతున్నానని ఎవరో చెప్పారట, వీసా తీసి రమ్మన్నాడు. తొంభై తొమ్మిది ఫిబ్రవరిలో వెళ్లాను. వాళ్లుండేది అల్ ఘర్రాఫాలో, ఒక పెద్ద విల్లా వెనక కట్టిన రెండు గదుల ఇంట్లో.

ఎండలకు పుట్టిల్లు అనుకుంటూ నూలు చీరలన్నీ సర్దుకుపోయాను. తీరా దిగాక తెల్లవారుజామున పళ్లు టకటకలాడాయి. మరదలు పద్మ స్వెట్టర్ తెచ్చి కప్పి, "కడప ఎండల్లో మీకు చలంటే మరిచిపోయింటారు వదినా" అని నవ్వింది. మర్నాడు అలవాటు కొద్దీ పొద్దున్నే నడకకు బయల్దేరాను. అక్కడ ఎవరూ నడవరని నాకేం తెలుసు? పది నిమిషాల్లో మూడు కార్లు ఆగాయి, దారి తప్పానేమోనని. మూడో ఆయన వద్దంటున్నా వినకుండా ఎక్కించుకొచ్చి, పద్మ చేతికి అప్పగించి పోయాడు.

ఆ నడకలోనే గోడల మీద మనుషుల ఫొటోలున్న పోస్టర్లు చూశాను. తెల్ల తలగుడ్డ, నల్ల తాడు, కింద అరబ్బీ రాత. సినిమాలేమో అనుకున్నాను.

"ఎలక్షన్లక్కా," అన్నాడు శేషు. "ఈ దేశానికి ఇదే మొదటిసారి. మునిసిపల్ కౌన్సిల్‌కి. ఆడవాళ్లు కూడా వేస్తారు, పోటీ కూడా చేస్తున్నారు. మనకేం లేదులే, చూడ్డమే."

చూడ్డమే అంటాడు! ఎన్నికల డ్యూటీ అంటే మా స్టాఫ్‌రూములో అందరికీ కడుపునొప్పి వచ్చేది, నాకు మాత్రం పెళ్లికి వెళ్లినంత సంబరం. ఓటరు వేలి మీద సిరా గీత, పెట్టెకు లక్క సీలు, సాయంత్రానికి గొంతు పోవడం, అన్నీ ఇష్టమే. నేను లేకుండా ఒక దేశం మొదటి ఎన్నిక ఎలా జరుపుకుంటుందో చూడాలని గట్టిగా అనిపించింది.

కూరగాయల మార్కెట్లో కేక

ఒక శుక్రవారం పద్మతో మార్కెట్‌కు వెళ్లాను. రియాల్ అంటే పదకొండున్నర రూపాయలు. ఏది పట్టుకున్నా మనసులో గుణించి కింద పెట్టేస్తున్నాను. వంకాయల దగ్గర నేను పదకొండో ఎక్కం చదువుతుండగా, నల్ల బురఖా వేసుకున్న ఒకావిడ పరుగెత్తుకొచ్చి నా రెండు చేతులూ పట్టుకుంది.

"టీచరమ్మా!"

ఏం నేరం చేశానో అనుకున్నాను.

"నేను రెడ్డెమ్మను టీచరమ్మా, నైన్త్ బీ! మీరు అమెరికా అంతర్యుద్ధం రాయమంటే పానిపట్టు యుద్ధం రాసినాను, గోడకుర్చీ వేయించినారు కదా!"

గుర్తొచ్చింది. తొమ్మిదితోనే చదువు ఆపేసిన పిల్ల. ఇప్పుడు ముప్పై దాటింది. ఎనిమిదేళ్లుగా దోహా శివారు ముఐథర్‌లో ఒక ఖతారీ ఇంట్లో వంటపని చేస్తోందట. కళ్లు తుడుచుకుంటూనే నా చేతిలో వంకాయలు చూసి, "ఇవి పుచ్చులుండాయి, ఈ పక్క ఏరుకోండి" అని సంచి లాక్కుంది. ఆ యజమానురాలు కారులో కూర్చుని ఉంది. రెడ్డెమ్మ వెళ్లి ఏదో చెప్పింది. పెద్దావిడ అద్దం దించి, ఛాతీ మీద చెయ్యి పెట్టుకుని నాకు నమస్కారం లాంటిది చేసింది.

"మా మామా మిమ్మల్ని ఇంటికి రమ్మంటాంది. నాకు చదువు చెప్పినోళ్లని చెప్పినా. మామా అంటే ఈడ అమ్మ టీచరమ్మా, మన మామ కాదు," అంది రెడ్డెమ్మ. నేను చెప్పిన చదువు ఆమెకు ఏం ఉపయోగపడిందో నాకు తెలియదు గానీ, ఆ మాటకు మాత్రం పొంగిపోయాను.

ముఐథర్: ఆమ్లెట్ కింద సేమ్యా

ఆ పెద్దావిడను ఉమ్ నాసర్ అంటారు, అంటే నాసర్ తల్లి. అక్కడ పెద్దవాళ్లను పేరుతో పిలవరు, పెద్దకొడుకు పేరుతోనే పిలుస్తారు. మన దగ్గర సుబ్బడి అమ్మ, ఓబుగాడి అమ్మ అన్నట్టే. అరవై ఐదేళ్లుంటాయి. ముఖానికి బతూలా అని ముక్కూ నుదురూ కప్పే గట్టి ముసుగు. మాటలో మాత్రం ముసుగేమీ లేదు. వచ్చీ రాగానే నా జీతం, పింఛను, పిల్లలు లేకపోవడం, అన్నీ రెడ్డెమ్మ చేత అడిగించేసింది. నాకు హాయిగా మా ఊళ్లో ఉన్నట్టే అనిపించింది.

ఫలహారానికి బలాలీత్ పెట్టారు. యాలకులు వేసిన తియ్యటి సేమ్యా, దాని మీద కోడిగుడ్డు ఆమ్లెట్. పాయసం మీద ఆమ్లెట్ ఎవరు వేస్తారమ్మా అని లోపల అనుకుంటూ తిన్నాను, రెండోసారి అడిగి మరీ పెట్టించుకున్నాను. తర్వాత గహ్వా. చిన్న గిన్నెలో చేదు కాఫీ. తాగడం ఆలస్యం మళ్లీ పోస్తున్నారు. మర్యాద తప్పకూడదని తొమ్మిది గిన్నెలు తాగాను. చాలనుకుంటే గిన్నెను కాస్త ఊపి ఇవ్వాలని రెడ్డెమ్మ పదో గిన్నె ముందు చెప్పింది. "ముందే చెప్పొచ్చు గదే!" అన్నాను. "మీకు ఇష్టమేమో అనుకున్యా," అంది.

ఆ కాఫీ పోసిన ఆవిడే మబ్రూకా. నల్లగా, సన్నగా, నిటారుగా ఉంది. డెబ్బై దాటాయి. ఆమెకూ బతూలా ఉంది.

ఇంతలో కొడుకు నాసర్ వచ్చాడు. నలభై ఏళ్ల మనిషి, ముఖాన నవ్వు చెరగదు. ముఐథర్ నుంచి పోటీ చేస్తున్నవాళ్లలో ఒకడు. తన ఫొటో, పేరు ఉన్న కార్డు నాకూ ఒకటిచ్చాడు, నా ఓటు అడుగుతున్నట్టు నటిస్తూ. హిందీ బాగానే వచ్చు అతనికి.

"మీ గుర్తేమిటి?" అని అడిగాను.

"గుర్తా?"

"మా దగ్గర ప్రతి అభ్యర్థికీ ఒక గుర్తుంటుంది. నిచ్చెన, గొడుగు, కుట్టుమిషను. చదువురానివాళ్లు ఆ బొమ్మ చూసి ఓటేస్తారు."

అతను పగలబడి నవ్వాడు. "వాన పడని దేశంలో గొడుగుకు ఎవరు వేస్తారు?" అన్నాడు. గుర్తులేం లేవట, పేర్లేనట. చదువురానివాళ్లు లోపల కూర్చున్న అధికారి చెవిలో పేరు చెబితే ఆవిడే కాగితం మీద టిక్కు పెడుతుందట. ఉమ్ నాసర్ అందుకుని, "మా ఇంట్లో ఓట్లన్నీ వీడివే, నాదీ, కూతురిదీ, కోడలిదీ, మబ్రూకాదీ," అంది. మబ్రూకా గిన్నెలు తీసుకుని లోపలికి వెళ్లింది.

వంటింట్లో రెడ్డెమ్మ చెప్పింది. "ఆయమ్మ ఈ ఇంట్లోనే పుట్టినాది టీచరమ్మా. వాళ్లమ్మను సముద్రం ఆపక్క నుంచి తెచ్చి అమ్మినారంట. ఆయమ్మ ఇరవై ఏళ్లు దాటేదాకా ఈళ్ల బానిస."

యాభై రెండులో అప్పటి పాలకుడు బానిసత్వం రద్దు చేశాడు. మబ్రూకాకు స్వేచ్ఛ వచ్చింది, దేశపౌరసత్వం వచ్చింది, వెళ్లడానికి చోటు మాత్రం లేకపోయింది. ఇక్కడే ఉండిపోయింది. పెరట్లో ఒక గది. నాసర్‌ను చంకనేసుకుని పెంచింది ఆమే.

బానిసత్వం గురించి ముప్పైరెండేళ్లు చెప్పాను. పది మార్కుల ప్రశ్న, కారణములు, ఫలితములు. బానిసగా బతికిన మనిషిని చూడటం అదే మొదలు. సిగ్గు విడిచి చెబుతున్నాను, నా కళ్లు ఆమె మణికట్టు మీదికి పోయాయి, సంకెళ్ల మచ్చలేమైనా ఉంటాయేమోనని. అక్కడ వెండి కడియం ఉంది. ఆమె నన్ను చూసింది. నేను తల దించుకున్నాను.

నిమ్మకాయల నెపం

మా నిమ్మకాయ ఊరగాయ గురించి రెడ్డెమ్మ కోసిన కోతలకు ఉమ్ నాసర్‌కు నోరూరింది. జాడీడు పెట్టి ఇవ్వమంది. ఉప్పులో ఊరాలి, ఎండాలి, రోజూ తిప్పాలి. కాబట్టి రోజూ పొద్దున శేషు నన్ను ముఐథర్‌లో దింపి డ్యూటీకి వెళ్లేవాడు, మధ్యాహ్నం తీసుకెళ్లేవాడు. ముక్కలు పెరట్లో, మబ్రూకా గది ముందు ఎండేవి.

రెండో రోజు మబ్రూకా వచ్చి నా పక్కన కూర్చుంది. రెడ్డెమ్మను దుబాసీగా పిలిచింది.

"టీచరమ్మా, ఆయమ్మ అంటాంది, ఓటు తన చేత్తోనే వేసుకోవాలంట. ఎవురి చెవిలోనూ చెప్పదంట."

ఎందుకని అడిగాను. మబ్రూకా చాలాసేపు మాట్లాడింది. రెడ్డెమ్మ చెప్పిన సారాంశం ఇది. నాసర్‌కు వేస్తుందో లేదో ఇంకా అనుకోలేదు. వేయొచ్చు, వాడు తన బిడ్డే. వేయకపోవచ్చు కూడా. కానీ ఆ గదిలో కూర్చునేవాళ్లు వాళ్ల చుట్టాలో పక్కింటివాళ్లో అయ్యుంటారు. గుమ్మం దగ్గర నాసర్ చెల్లెలు ఉంటుంది. చెవిలో వేసిన మాట సాయంత్రానికి ఇల్లు చేరుతుంది. "నా పేరు వీళ్ల తాత పెట్టినాడు, పని ఈళ్లు చెప్పినారు, కూడు ఈళ్లు పెట్టినారు. ఇదొక్కటి నా కడుపులో ఉండాలి, అంటాంది టీచరమ్మా."

అప్పుడు నేను ఊరుకోలేక ఆమెకు అమెరికా పాఠం చెప్పాను. బెత్తం లేకుండా, ప్రశ్నలు లేకుండా, పెరట్లో నిమ్మముక్కలు తిప్పుతూ. యుద్ధం చేసి బానిసత్వం తీసేశారు. మగవాళ్లకు ఓటిచ్చారు, ఆడవాళ్లకు ఇంకా యాభై ఏళ్లు పట్టింది. కేంద్రం పంపిన సైన్యం దక్షిణాదిలో కాపలా ఉన్నన్నాళ్లు నల్లవాళ్లు ధైర్యంగా ఓటేశారు, గెలిచి సభల్లో కూర్చున్నారు. సైన్యం వెనక్కి పోగానే పాత యజమానులే అధికారులై కూర్చుని, ఈ పేరా చదువు, దీనికి అర్థం చెప్పు, చదవలేవా, అయితే ఓటు లేదు పో, అన్నారు. కేంద్ర ప్రభుత్వం చూసీ చూడనట్టు ఊరుకుంది. మళ్లీ అది కళ్లు తెరిచి గట్టి చట్టం చేసేసరికి దగ్గర దగ్గర నూరేళ్లయింది.

మబ్రూకా నిమ్మముక్కలు తిప్పడం ఆపేసింది.

"సైన్యం పోతే మళ్లీ ఆ యజమానులేనా?"

"వాళ్లే."

"అంతవరకూ వీళ్లు ఏం చేసినారు?"

ఇది పాఠ్యపుస్తకంలో లేదు, ఎప్పుడో ఒక పత్రికలో చదివాను. "కొన్నిచోట్ల అంగళ్ల వెనక గదుల్లో బడులు పెట్టుకున్నారు. పొలం పనులు చేసే ముసలమ్మలు సాయంత్రాలు వచ్చి అక్షరాలు నేర్చుకుని, వెళ్లి ఓటర్ల జాబితాలో పేరు రాయించుకున్నారు."

రెడ్డెమ్మ అరబ్బీలో చెప్పింది. మబ్రూకా వెంటనే ఏదో అంది.

"అయితే నువ్వూ నేర్పు, అంటాంది."

నాకు అరబ్బీలో ఒక్క ముక్క రాదు. ఆ సంగతి గుర్తురాకముందే సరేనన్నాను. సాక్షరతా ఉద్యమం రోజుల్లో మా పేటలో అరవై ఏళ్ల ముసలమ్మల చేత పలక పట్టించినదాన్ని, ఆ పొగరు నాది. పైగా అక్షరాలన్నీ అక్కర్లేదు, పేరు గుర్తుపడితే చాలు. హుషారుగా అడిగాను. "ఎవరి పేరు నేర్పమంటారు?"

రెడ్డెమ్మ చెప్పగానే మబ్రూకా నన్ను కళ్లు చిట్లించి చూసింది.

"నీకు చెప్తే ఆ ఆఫీసరు చెవిలో చెప్పినట్టే గదా, నీది మాత్రం చెవి కాదా, అంటాంది టీచరమ్మా," అంది రెడ్డెమ్మ, నవ్వు ఆపుకుంటూ.

నాలుక కరుచుకున్నాను. ఒకసారి మా వైపు పల్లెలో, ట్రాక్టరు నిండా కూలీలను తెచ్చి వాళ్ల వెనకే నిలబడ్డ పెద్దమనిషిని "ఓటు రహస్యం, బయటికి నడవండి" అని గదమాయించి పంపాను. దాన్ని ఏళ్ల తరబడి చెప్పుకున్నాను. అంత చేసినదాన్ని, ఇక్కడ ఆ పెద్దమనిషి పని నేనే చేశాను.

ముఐథర్‌లో పోటీ చేస్తున్నది నలుగురు. నలుగురి పేర్లూ నేర్పాలి.

ఇసుక మీద చుక్కలు

వీధి చివర హంజా అనే మలయాళీ ఆయన కిరాణా కొట్టు ఉంది. అక్కడ బల్ల మీద అందరి కార్డులూ ఉన్నాయి. ఒక్కోటి తీసుకుంటుంటే, "మీకు ఓటుందా?" అన్నాడు హిందీలో.

"లేదు, సేకరిస్తున్నాను."

"స్టాంపులా?" అన్నాడు. నవ్వుతూనే ఏ పేరు ఎవరిదో చదివి పెట్టాడు. నాసర్, ఖాలిద్, యూసుఫ్, నాలుగోది ఒకావిడ, లతీఫా.

మొదటి రోజు పెరటి ఇసుకలో పుల్లతో నాసర్ పేరు దిద్దడం మొదలుపెట్టాను. మబ్రూకా పడీ పడీ నవ్వింది. నేను ఎడమ నుంచి కుడికి పోతున్నాను! చదువు రాకపోయినా అరబ్బీ ఏ వైపు నుంచి నడుస్తుందో ఆమెకు తెలుసు. నా చేతిలో పుల్ల లాక్కుని కుడి చివర పెట్టింది. టీచరు బండి వెనక్కి నడుపుతోందని రెడ్డెమ్మతో అందట. ముప్పైరెండేళ్ల సర్వీసులో అంత అవమానం ఎరగను.

అక్షరాలు నాకే రావు గనక, నాకొచ్చిన విద్యతో చూశాను. ముగ్గు వేసేదానికి మొదట కనబడేది చుక్కలు, తర్వాత గీతలు. నాసర్‌కు మొదట్లో నెత్తిన ఒక చుక్క, నిలువు కర్ర ఒకటి. ఖాలిద్‌కూ మొదట్లో నెత్తిన ఒక చుక్కే, కానీ కర్రలు రెండు. యూసుఫ్‌కు మొదట కింద రెండు చుక్కలు, చివర పైన ఒకటి. లతీఫా అయితే పండగ ముగ్గే, మొత్తం ఐదు చుక్కలు. ఇలా చెబితే మబ్రూకా గబగబా పట్టేసింది. ఫొటో మీద బొటనవేలు పెట్టి మూసి, పేరు చూపించి అడిగేదాన్ని. నాసర్‌కూ ఖాలిద్‌కూ మాత్రం తికమకపడేది. "కర్రలు లెక్కపెట్టు!" అని నేను తెలుగులో అరిచేదాన్ని. నాలుగో రోజుకు ఆమే "కర్రలు" అని తెలుగులో అనడం మొదలుపెట్టింది.

ఒకరోజు మేం ఆదమరిచి ఉండగా ఉమ్ నాసర్ ఊరగాయ చూడ్డానికి వచ్చేసింది. ఇసుక నిండా చుక్కలు, గీతలు. రెడ్డెమ్మ తడుముకోకుండా "మా ఊరి ముగ్గు మామా, వాకిట్లో వేసుకుంటాం" అంది. ఉమ్ నాసర్ ముచ్చటపడి, ముందు వాకిట్లో కూడా వేయమంది. చచ్చినట్టు ఇరవై ఒక్క చుక్కల ముగ్గు వేశాను, గోధుమపిండితో. సాయంత్రానికి పావురాలు తినేశాయి.

చీమల్లాంటి అక్షరాలు

పోలింగుకు ముందురోజు శేషు ఒక అరబ్బీ పేపరు తెచ్చాడు, అభ్యర్థుల పేర్లన్నీ అచ్చువేసినది. ఓటు కాగితం ఇలాంటి అచ్చులోనే ఉంటుందన్నాడు. తీసుకుపోయి మబ్రూకా ముందు పరిచాను. ముఐథర్ పేర్లు ఏ గడిలో ఉన్నాయో హంజా గుర్తు పెట్టి ఇచ్చాడు.

ఆమె చూసింది. దగ్గరగా పెట్టుకుని చూసింది, దూరంగా పెట్టుకుని చూసింది. కార్డుల మీద పేర్లు వంపులు తిప్పి, ఒకదాని మీద ఒకటి పేర్చి అందంగా రాసినవి. పేపర్లో సన్నగా, బారుగా, చీమల్లా ఉన్నాయి. ఒక్కటీ గుర్తుపట్టలేకపోయింది. పేపరు పక్కకు నెట్టేసింది.

"నా వల్ల కాదంట టీచరమ్మా. పోయి చెవిలోనే చెప్తాలే, వాడికే వేస్తాలే, అంటాంది."

నాకు ఏడుపొచ్చినంత పనైంది. తప్పు నాది. ఏ పిల్లకైనా అచ్చు పుస్తకం ముందు చూపిస్తాం గానీ పెళ్లిపత్రిక చూపిస్తామా? కోపం నా మీద, అరిచింది మాత్రం ఆమె మీద. "ఇన్నాళ్లు నేర్చుకుని ఒక్క పూటలో వదిలేస్తారా!" అన్నాను. రెడ్డెమ్మ ఆ మాటను అనువదించలేదు.

నిమ్మకాయల నుంచి ఏరి పడేసిన గింజలు పళ్లెంలో ఉన్నాయి. రెండు చేతిలోకి తీసుకుని, గీతలు చూడొద్దు, చుక్క ఉన్నచోట గింజ పెట్టమన్నాను. మబ్రూకా అయిష్టంగా తీసుకుంది. మొదటి పేరు, కింద రెండు గింజలు, చివర పైన ఒకటి. ఆగింది. "యూసుఫ్?" అంది. రెండోదానికి ఐదు గింజలు పట్టాయి. ఇక ఆగలేదు. మూడోదానికి నెత్తిన ఒక్క గింజ పెట్టి, వేలితో కర్రలు లెక్కపెట్టి, పేరు పైకి చెప్పకుండా నా వైపు చూసి తలాడించింది. గీతలు ఎన్ని వేషాలు వేసినా చుక్కల లెక్క మారలేదు.

పేపరంతా తిరగేయించి, వేరే గళ్లల్లో కూడా నాసర్‌లు, ఖాలిద్‌లు ఎక్కడున్నారో వెతికించాను. తొమ్మిది చోట్ల అడిగితే తొమ్మిదీ చెప్పింది. రెడ్డెమ్మ ఆమెను వాటేసుకుంది.

బాలికల బడి గేటు

ఆడవాళ్లకు పోలింగు ఒక బాలికల బడిలో. ఉమ్ నాసర్ తన కార్లో నన్ను కూడా ఎక్కించుకుంది, చూస్తావా రమ్మని. మబ్రూకాకు తోడుగా రెడ్డెమ్మ. మేమిద్దరం గేటు బయట నీడలో ఆగిపోయాం.

నా కళ్లు క్యూ కోసం వెతికాయి. లేదు. సున్నపు గీత లేదు, తోపులాట లేదు, "మా ఇంటోళ్లను ముందు పంపండి" అనే గోల లేదు. కారు దిగి, ఒకళ్లనొకళ్లు పలకరించుకుని, లోపలికి వెళ్లి వస్తున్నారు. ఒక పిల్ల ఖర్జూరాలు పంచుతోంది. ఇంత మర్యాదగా జరిగితే అది ఎన్నికేనా అని నాకు అనుమానం వచ్చింది.

"మాకు ఓటు యాడుంది టీచరమ్మా," అంది రెడ్డెమ్మ ఖర్జూరం నములుతూ. "ఈడ ఎటూ లేదు. ఊర్లో లిస్టులో నా పేరు కొట్టేసినారంట, మనిషి లేదని. పోయి అడుగుదామంటే, పాస్‌పోర్టు బాబా, అదే ఇంటి యజమాని, బీరువాలో ఉండాది. రెండేండ్లకొకసారి పంపిస్తారు, అప్పుడు ఓట్లుండవు."

మామూలుగా చెప్పింది, ఎవరినీ నిందించకుండా. ఇంటింటికీ తిరిగి, మనిషి లేకపోతే పేరు మీద ఎర్ర గీత కొట్టేవాళ్లలో నేనూ ఒకదాన్ని. ఎక్కడికి పోయారని ఏనాడూ అడగలేదు. ఆ మాట రెడ్డెమ్మతో చెప్పాను. "మీరేం చేస్తారులే, మీ డ్యూటీ మీది," అని నా చేతిలో ఇంకో ఖర్జూరం పెట్టింది.

ముందు ఉమ్ నాసర్, కూతురు కలిసి వెళ్లారు. రెండు నిమిషాల్లో వచ్చేశారు. తర్వాత కూతురు మబ్రూకా మోచెయ్యి పట్టుకుంది, నేనొస్తాను, పేరు నేను చెబుతాను, అంటూ. మబ్రూకా ఆ చేతిని మెల్లగా తీసేసింది. ఏదో ఒక మాట అంది. కూతురు అక్కడే నిలబడిపోయింది. మబ్రూకా ఒక్కతే మెట్లెక్కింది.

రెండు నిమిషాలైంది, ఐదైంది. నా పిల్లలు పబ్లిక్ పరీక్ష రాసేటప్పుడు కూడా ఇంత భయపడలేదు. నాసర్‌కూ ఖాలిద్‌కూ మధ్య ఆ ఒక్క కర్ర! లోపలి కాగితం మీద ఇంకో రకం అచ్చు ఉంటే? కంగారుపడి ఎవరినైనా అడిగేస్తే? రెడ్డెమ్మ కళ్లు మూసుకుని ఏ దేవుడికో మొక్కుతోంది.

వచ్చింది. ముసుగులో కళ్లు తప్ప ఏమీ కనబడలేదు. ఆ కళ్లు మాత్రం మెరుస్తున్నాయి. నా దాకా వచ్చి రెండే మాటలు చెప్పింది.

"చుక్కలన్నీ ఉన్నచోటే ఉండాయంట," అంది రెడ్డెమ్మ.

అలవాటున ఆమె ఎడమచేతి వేలు పట్టుకుని చూశాను. సిరా లేదు. సీసా ఉంటే నేనే పెట్టేదాన్ని.

హరీస్ తిన్న మధ్యాహ్నం

ఆ మధ్యాహ్నం హరీస్ వండారు. గోధుమలు, మాంసం కలిపి గంటల తరబడి ఉడికించి, సంగటిలా ఎనిపి, మీద నెయ్యి పోస్తారు. మన సంగటిలాగే వేలితో గుంట చేసుకుని తిన్నాను. ఆ పద్ధతి చూసి ఇంట్లోవాళ్లంతా నవ్వారు, ఇద్దరు పిల్లలు నన్ను చూసి అలాగే చేశారు.

నాసర్ వచ్చాడు. చెల్లెలు అప్పటికే చెప్పేసినట్టుంది, మబ్రూకా ఎవరి సాయమూ తీసుకోలేదని. సరాసరి వచ్చి ఆమె ముందు మోకాళ్ల మీద కూర్చున్నాడు.

"దాదా, నాకే వేశావు కదా?" పెంచిన ఆయాను అక్కడ దాదా అంటారు.

ఇల్లంతా చెవులు రిక్కించింది. మబ్రూకా తొందరపడలేదు. అతని తలగుడ్డ సరిచేసింది. రెడ్డెమ్మ నా చెవిలో గొణిగింది. "నీకు ఆకలైతే నువ్వు అడగకముందే కూడు పెట్టినా. ఇది మాత్రం అడిగినా చెప్పను, అంటాంది."

నాసర్ ముఖంలో నవ్వు ఒక్క క్షణం ఆగిపోయింది. ఆ క్షణం నాకు చాలా పొడుగ్గా తోచింది. తర్వాత అతను వంగి ఆమె నుదుటి మీద ముద్దుపెట్టాడు. "సరే దాదా, నీది నీకే," అని లేచి, హరీస్ పెట్టుకున్నాడు. మంచి పిల్లవాడు. పెంచింది ఎవరు మరి!

మర్నాడు ఫలితాలొచ్చాయి. ఖాలిద్ గెలిచాడు. ఒక్క ఓటుతో అటూ ఇటూ అయ్యే తేడా కాదు, చాలా ఎక్కువే. నాసర్ ఖాలిద్ ఇంటికి వెళ్లి కౌగిలించుకుని వచ్చాడట. మా దగ్గర ఓడినవాడు రీకౌంటింగ్ అంటాడు, గెలిచినవాడు టపాకాయలు ఓడినవాడి గుమ్మంలోనే కాలుస్తాడు, అని చెబితే శేషు "ఇంకా మొదటి ఎలక్షనే కదక్కా, నేర్చుకుంటార్లే" అన్నాడు.

వీడ్కోలు

విమానం ముందురోజు మధ్యాహ్నం చెప్పిపోదామని ముఐథర్ వెళ్లాను. ఊరగాయ ఊరింది. మబ్రూకా గది ముందు చాప మీద ముగ్గురం కూర్చుని జాడీలకు ఎత్తుతున్నాం. ఉమ్ నాసర్ వచ్చింది. వెంట కూతురు రాబోతే, చేత్తోనే వెనక్కి పంపేసింది. ఊరగాయ రుచి చూస్తుందేమోనని నేను గరిటె అందించబోయాను. తీసుకోలేదు. మబ్రూకా ఎదురుగా నిలబడి, గొంతు తగ్గించి చెప్పడం మొదలుపెట్టింది. రెడ్డెమ్మ చేతిలో జాడీ కింద పెట్టేసింది.

"టీచరమ్మా... మామా అంటాంది, నాకు చదువు రాదని నా ఓటు నా బిడ్డ వేసినాది. నన్ను అడగను కూడా అడగలేదు. నేను పక్కన నిలబన్న్యా, అంతే. మబ్రూకా, నువ్వు నేర్చుకున్నట్టు నాకూ నేర్పు."

ఆ ఇంట్లో పుట్టినప్పటి నుంచి మబ్రూకాకు పని చెప్పినవాళ్లే గానీ ఇలా వచ్చి అడిగినవాళ్లు ఉండి ఉండరు. ఆమె జాడీ మూతికి గుడ్డ కట్టడం పూర్తి చేసింది. మోకాళ్లు ఒత్తుకుంది. తర్వాత తల ఎత్తి చెప్పింది.

రెడ్డెమ్మ నాకు చెప్పడానికి తడబడింది. "ఇప్పుడు కాదంట... కాళ్లు నొప్పులంట. రేపు రమ్మంటాంది."

ఉమ్ నాసర్ ఎండ మీద పడుతోందని ముసుగు సరిచేసుకుంది.

"ఎన్ని గంటలకు రమ్మంటావు?" అని అడిగింది.